దుకాణమునకు పేరు

మా తోటి విద్యార్థిని ఒకామె ఈ ఏడాది చదువు ముగించి, తన తల్లితో కలిసి గుణదలలో కుట్టుపని దుకాణము తెరవనున్నది. మిషన్లు రెండు వచ్చినవి. గదికి అడ్వాన్సు చెల్లించినారు. పేరు మాత్రము కుదరలేదు. బోర్డు వ్రాయువాడు రెండు మారులు వచ్చి వట్టిచేతులతో మరలినాడు. ఈ విషయమై మేము నాలుగు సాయంకాలములు వాదించుకొంటిమి. ఆ వాదములో మాకు తోచినది కళాశాల కమిటీ పెద్దల ముందును, సోదర విద్యార్థుల ముందును ఉంచుచున్నాము.

గుణదలలో పేరు వెదకువారికి మొదట కొండ కనిపించును. ఏటేటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో ఉత్సవము జరుగు మేరీమాత పేరు, ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గ పేరు, పట్టణము ప్రక్కన పారు కృష్ణ పేరు నోటికి వెంటనే వచ్చును. మూడును మంచి పేర్లే. అందుచేతనే అవి ఏ ఒక్కరి సొత్తును కావు. ‘కృష్ణా టైలర్స్’కు పొమ్మన్నచో ఆటో నడుపువాడు ఏ కృష్ణా అని అడుగును. చట్టము మాటయు ఇంచుమించు ఇదే. అగరువత్తులకు ‘రామాయణ్’ అను పేరును ఒక్కరే తమదనుటకు వీలులేదని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పినది. సరకు గుణమును, పుట్టిన చోటును మాత్రమే తెలుపు పేర్లకు 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము సాధారణముగా రిజిస్ట్రేషను ఇయ్యదు. కనుక ‘బెస్ట్’, ‘సూపర్’ అనునవి పెట్టుకొనుటకు పనికివచ్చును గాని కాపాడుకొనుటకు పనికిరావు.

మరి మంచి పేరెట్లుండవలెను? మన కృష్ణా జిల్లా ఎలకుర్రువారైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఒక మందు తయారుచేసి దానికి ‘అమృతాంజనము’ అని పేరు పెట్టినారు. అంజనము కంటికి పెట్టుకొనునది; ఆయన దానిని నొసటికి పూయించినారు! రెండు తెలిసిన మాటలు కలిసి అంతకు ముందు లేని మాట ఒకటి పుట్టినది. పేరు పెట్టి ఊరకుండక, సంగీత సభలలో ఆ మందును ఉచితముగా పంచినారని ప్రసిద్ధి.

అసలు తగవు ఇంకొకచోట ఉన్నది. తల్లి పేరే దుకాణమునకు పెట్టుదమని మా మిత్రురాలు అన్నది. తండ్రిగారు ఒప్పుకొనలేదు. “మన పేరు పెట్టినచో మనవాళ్ళే వత్తురు, పైవాళ్ళు రారు” అని వారి మాట. ఏండ్ల తరబడి బజారులో సరకు అమ్మి ఇల్లు నడిపినవారి భయమును చూచి నవ్వుటకు మాకు అధికారము లేదు. అయినను మేము వారితో ఏకీభవించము. కొలతలు ఇచ్చు స్త్రీ బోర్డును నమ్మి ఇయ్యదు, మనిషిని నమ్మి ఇచ్చును. పదేండ్లుగా ఆ తల్లి ఇంటివద్దనే రవికలు కుట్టుచున్నది. వీధిలో ఏ మతము స్త్రీలైనను ఆమెను ‘ఆపా’ అనియే పిలుతురు. ఆ పిలుపును బోర్డు వెనుక దాచుట ఎందులకు?

గాంధీనగరములోని బాబాయి హోటలును ఎరుగని బెజవాడ వాసులు అరుదు. ఆ పేరులో దేవుడు లేడు, ఊరు లేదు, ఇంటిపేరు లేదు. చుట్టరికము ఒక్కటే ఉన్నది. ‘ఆపా టైలర్స్’ అనునది ఆ కోవలోని పేరే. (‘ఆపా’ అన్న ‘ఆపు’ అనినట్లున్నది, కుట్టు మధ్యలో ఆపుదురేమో అని మాలో ఒకడు ఆక్షేపించినాడు. అతనికి చొక్కా కుట్టకూడదని తీర్మానించితిమి.)

పైగా ఈ పేరు రెండు లిపులలోను చెడకుండ నిలుచును. ఇది చిన్న విషయము కాదు. ‘గుణదల’లోని ణకారమునకు ఉర్దూలో వేరే అక్షరము లేదు. ‘జర్దోజీ’లోని జకారపు ధ్వని తెలుగు అక్షరములో సరిగా పలుకదు. ‘ఆపా’కు ఈ చిక్కు లేదు. 2022లో ఉర్దూ రాష్ట్రమంతట రెండవ అధికార భాష అయినది గదా, తెలుగు అక్షరముల క్రింద ఉర్దూ అక్షరములు వ్రాయించుటకు జంకనేల?

ఈ పేరుతో ఇదివరకే ఎవరైనను ఉన్నారేమో ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితముగా వెదకవచ్చును. ఆన్‌లైనులో దరఖాస్తు చేయు వ్యక్తికి ఒక తరగతికి రుసుము 4,500 రూపాయలు. రిజిస్ట్రేషను దొరకినచో పదేండ్లు చెల్లును, తరువాత పొడిగించుకొనవచ్చును. చదువు ముగించు వారిలో చిల్లర వ్యాపారములకు దిగువారు అనేకులు. వారికి ఇవి చెప్పువారు లేరు. కమిటీవారు ఏడాదికొక పూట ఇందుకై కేటాయించి, పట్టణములోని అనుభవజ్ఞులైన వర్తకులను, ఒక న్యాయవాదిని రప్పింపవలెనని మా మనవి.

బోర్డు వ్రాయువాడు వచ్చే శనివారము మరల వచ్చును. తండ్రిగారు ఇంకను ఊఁ అనలేదు. ఉర్దూ అక్షరములు మాత్రము తామే గీచి ఇచ్చెదమనియు, పెయింటరు చేతిలో అవి పాడగుననియు అన్నారట.