పక్కన పెట్టిందెవరు?

కొత్తగూడ చౌరస్తా నుంచి హైటెక్ సిటీ దాకా ఏ ఐటీ ఆఫీసులో చెవి పెట్టినా రోజుకోసారైనా వినపడే వాక్యం: "అది డీప్రయారిటైజ్ అయింది." సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్‌లో పీ వన్, అంటే అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని అంటూ ఉరుకులు పెట్టించిన టికెట్ బుధవారానికి పీ త్రీ అయిపోతుంది. దాని మీద పనిచేస్తున్న అమ్మాయి ఇదేమిటని అడిగితే లీడ్ ఇచ్చే జవాబు, "రీప్రయారిటైజ్ అయింది కదా, మెయిల్ చూళ్లేదా?" ఆ జవాబులో పని ఉంది, మార్పు ఉంది, మెయిల్ కూడా ఉంది. మార్చినవాళ్లు మాత్రం లేరు. ఇంగ్లీషు క్రియను తెచ్చుకుని మనం దానికి 'చేయు' బదులు 'అవు' తగిలించడంతో, ఎవరో ఒకరు కూర్చుని తీసుకున్న నిర్ణయం వాన కురిసినట్టు తనంతట తాను జరిగిన సంగతైపోతోంది. మా అభ్యంతరమల్లా ఈ వాడుక మీదే.

ప్రయారిటీ అనే నామవాచకం ఇంగ్లీషులో కొన్ని వందల ఏళ్ల నాటిది. దాన్ని క్రియ చేసుకున్నది మాత్రం నిన్నమొన్న. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో అమెరికా సర్కారు నివేదికల భాషలో అది పెరిగింది; దఫ్తరు భాష అని ఇంగ్లీషువాళ్లలోనే చాలామంది దాన్ని చూసి మొహం చిట్లించారు. రీప్రయారిటైజ్ అంటే వరస మార్చడం. వరస మారిందంటే ఒకటి పైకెక్కింది, ఇంకొకటి కిందికి దిగింది. దిగిందేదో ఆ మాట చెప్పదు. డీప్రయారిటైజ్ ఆ పాటి చెబుతుంది గానీ, పని ఆలస్యమవుతుందా, ఆగిందా, ఇక ఎన్నటికీ జరగదా అన్నది తేల్చదు. తెలుగులో వీటికి వేర్వేరు మాటలున్నాయి: వెనక్కి జరిపారు, పక్కన పెట్టారు, అటకెక్కించారు, ఎత్తేశారు. వీటిలో ఏ ఒక్కటీ నోట్లోంచి వచ్చినా వినేవాడికి తన పని సంగతి తెలిసిపోతుంది. ఈ మాటలన్నీ ఉండగా 'ప్రాధాన్యతల పునఃక్రమీకరణ' అనే అనువాదం దేనికో! ప్రాధాన్యం చాలు, దానికి మళ్లీ 'త' ఎందుకని దిద్దీ దిద్దీ పత్రికలవాళ్ల చేతులు నొప్పెడుతున్నాయి.

అరువు మాటల మీద ఈ గునుపు ఏమిటని అడిగేవాళ్లుంటారు. గునుపు లేదు. రద్దు, వాయిదా, మంజూరు అరబ్బీలో పుట్టి పారశీకం, ఉర్దూల గుండా మన కచేరీలకు వచ్చినవే. అవి లేకపోతే తెలుగు కోర్టుకు నోరే లేదు. 'రద్దయింది', 'వాయిదా పడింది' అన్నప్పుడు కూడా కర్త కనపడడు కదా అంటే, నిజమే. కానీ రద్దు అంటే కథ ముగిసింది. వాయిదాకు తేదీ ఉంటుంది. ఫలానా తేదీకి అని రాయందే బంట్రోతు కూడా ఊరుకోడు. డీప్రయారిటైజ్‌కు ముగింపూ లేదు, తేదీ లేదు. ఆ టికెట్ బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో పడి ఉంటుంది, దాని మీద పెట్టిన రెండు వారాల శ్రమతో సహా. అరువు తెచ్చుకున్న పాత మాటలు మనకు ఒక స్పష్టతను ఇచ్చాయి. ఇది ఉన్న స్పష్టతను పట్టుకుపోతోంది.

సాఫ్ట్‌వేర్ పనిలో వరస మారడం సహజం అన్నది ఇంకాస్త బరువైన అభ్యంతరం. 2001లో 17 మంది కలిసి రాసుకున్న ఎజైల్ మ్యానిఫెస్టో, అవసరాలు ఆలస్యంగా మారినా సరే స్వాగతించమంది. మార్కెట్ మారుతుంది, క్లయింట్ మనసు మారుతుంది. మొదట రాసుకున్న వరసనే పట్టుకు వేలాడితే కంపెనీ మునుగుతుంది. ఒప్పుకోవలసిందే. అయితే ఆ సంప్రదాయంలోంచే వచ్చి, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 2010లో తొలిసారి వెలువరించిన స్క్రమ్ గైడ్ బ్యాక్‌లాగ్ వరసకు బాధ్యుణ్ణి నిలబెట్టింది. ఆయన ప్రొడక్ట్ ఓనర్. ఆ స్థానంలో కమిటీ పనికిరాదు, ఒక మనిషే ఉండాలని గైడ్ పట్టుబట్టి చెబుతుంది. అంటే వరస మార్చే హక్కును, మార్చింది నేనే అని చెప్పుకోవలసిన పూచీని ఆ వృత్తి ఒకే చోట ముడివేసింది. మన వాక్యం ఆ ముడి విప్పి హక్కును ఉంచుకుని పూచీని వదిలేసింది.

కొత్తగూడకు కూతవేటు దూరంలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. 2022 డిసెంబరు 9న మైండ్‌స్పేస్ కూడలి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయం దాకా 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. 2023 డిసెంబరులో కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ పని ఆపమన్నారు. పాతబస్తీ, ఎల్బీనగర్ వైపు నుంచి విమానాశ్రయానికి దారి చూడమన్నారు. అది మంచి నిర్ణయమా కాదా అన్న తగువు వేరు. తగువు పడడానికి వీలున్నదన్నదే ఇక్కడ సంగతి: ఆపిందెవరో, ఏది ఆగిందో, దాని బదులు ఏది ముందుకొచ్చిందో అందరికీ తెలుసు. మెట్రో డీప్రయారిటైజ్ అయిందని ఊరుకుని ఉంటే గచ్చిబౌలివాడు ఎవరిని నిలదీయాలి, చాంద్రాయణగుట్టవాడు ఎవరిని మెచ్చుకోవాలి?

ఇక మర్యాద సంగతి. పైవాళ్ల పేరు బయటపెట్టకుండా చెప్పడానికి ఇదొక సున్నితమైన దారి అంటారు. అసలు తెలుగులో తప్పించుకునే మాటలకు కొదవా? కుదరలేదు, వీలుపడలేదు అని రోజూ అంటూనే ఉంటాం. కానీ 'నాకు కుదరలేదు' అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. "ఎందుకు కుదరలేదురా?" అని అమ్మ అడగడానికి చోటుంది. 'పైనుంచి ఆపమన్నారు' అన్నా, పేరు రాకపోయినా దిక్కు తెలుస్తుంది. మర్యాదకు ఆ మాత్రం చాలు. ఐటీ జీవితం మీద కథలు రాస్తున్న మిత్రులకు ఒక మాట. మీ కథలో మేనేజరు డీప్రయారిటైజ్ అయిందనే అంటాడు, అననివ్వండి. ఆ జంకు అతనిది, పాఠకుడు పట్టుకుంటాడు. అదే మాట కథ చెప్పేవాడి గొంతులోకి వచ్చి, "ఆమె ప్రమోషన్ డీప్రయారిటైజ్ అయింది" అని రాసి పంపితే మాత్రం ఆపినవాడి పేరు మార్జిన్‌లో అడుగుతాం.