తాళపుచెవి యెవరియొద్ద నుండవలెను?

ఇల్లు కట్టినవాడు తాళము కొనును. తాళము కొనినవాడు తాళపుచెవిని ఎక్కడ నుంచవలెనో ఆలోచించును. ఈ రెండవ యాలోచన లేనిచో మొదటి వ్యయమంతయు వృథా. నేడు చదువు నేర్చిన ప్రతి గృహస్థునకును బ్యాంకు ఖాతాకు ఒకటి, పింఛనుకు ఒకటి, కరెంటు బిల్లుకు ఒకటి, రైలు టిక్కెట్టుకు ఒకటి, పిల్లల కళాశాల రుసుమునకు ఒకటి, ఇట్లు పదులకొలది పాస్‌వర్డులు ఏర్పడియున్నవి. వీనినన్నిటిని జ్ఞాపకమందుంచుకొనుట మనుష్యమాత్రునకు సాధ్యముకాదు. సాధ్యము కానందున జనులు రెండు తప్పుదారులలో నేదియో యొకటి త్రొక్కుచున్నారు. కొందఱు ఒకే పాస్‌వర్డును అన్నిచోట్లను వాడుచున్నారు. మఱికొందఱు ఫోనులో స్నేహితుల నంబర్ల నడుమ, ఎవ్వరు తెఱచినను కనబడునట్లు, వ్రాసికొనుచున్నారు.

మొదటిదాని యపాయము పలువురకు తెలియదు. ఎక్కడనో యొక చిన్న దుకాణపు ఖాతాల పట్టిక దొంగలపాలైనదనుకొందము. అందలి పేరును, పాస్‌వర్డును వారు యంత్రముల సాయమున వందలాది యితర స్థలములందు ప్రయోగించి చూతురు. చీరలు కొనుటకు పెట్టుకొనిన పాస్‌వర్డే బ్యాంకునకును ఉన్నయెడల, చీరల దుకాణపు అజాగ్రత్త బ్యాంకు ఖాతాను ఖాళీ చేయును. కావున ప్రతి ఖాతాకును వేఱు వేఱు పాస్‌వర్డు ఉండవలెననియు, వానినన్నిటిని గూఢలిపిలో భద్రపఱచు పెట్టె యొకటి కావలెననియు, ఆ పెట్టెకు మాస్టరు పాస్‌వర్డు అను ఒక్క తాళపుచెవిని మాత్రము మనుజుడు జ్ఞాపకముంచుకొనవలెననియు తెలిసినవారు చెప్పుచున్నారు. ఇందులో వివాదము లేదు. ఆ పెట్టె ఎక్కడ నుండవలెననుటయే వివాదము.

మా పట్టణపు గ్రంథాలయ వసారాలో ఈ ప్రశ్నపై సాయంకాలములందు రెండు పక్షము లేర్పడినవి. పెట్టె మన యింటి కంప్యూటరులోనే యుండవలెనని ఒక పక్షము. ఏదేనొక కంపెనీ సర్వరులో, అనగా క్లౌడులో, ఉంచుటయే మేలని రెండవ పక్షము. క్లౌడు అనగా మేఘమే గాని ఆ పెట్టె ఆకాశమున లేదు. ఎవరిదో యొక భవనములో, ఎవరిదో యొక యంత్రములో, ఎవరో జీతగాండ్ర కావలిలో నున్నది. ఈ సంగతి మఱవకుండ రెండు పక్షముల వాదములను విచారింతము.

న్యాయముగా చెప్పవలెనన్న, మేము చాలకాలము మొదటి పక్షము వారమే. న్యాయవాద వృత్తిలో నున్నవారికి కక్షిదారు రహస్యము ప్రాణసమానము. కక్షిదారు చెప్పినదానిని న్యాయవాది అతని యనుమతి లేక వెల్లడింపరాదను నియమము 1872 నాటి సాక్ష్యపు చట్టములో నుండెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను అది నిలిచియున్నది. పరుల రహస్యములకు ధర్మకర్తలమైన మేము వాని తాళములను పరాయి కంపెనీకి అప్పగించుట తగదని తలచి, మా కార్యాలయపు కంప్యూటరులోనే పెట్టె నుంచుకొంటిమి.

మూడేండ్ల క్రిందట ఒక ఉదయమున ఆ కంప్యూటరు డిస్కు పాడైనది. పెట్టెకు రెండవ ప్రతి లేదు. మఱునాడు ఒక వృద్ధురాలి భూమి వ్యవహారములో కాగితములు ఆన్‌లైనులో దాఖలు చేయవలసియున్నది. పాస్‌వర్డు మార్చుకొందమన్న, దానికి రావలసిన సంఖ్య మేము ఏనాడో విడిచిన ఫోను నంబరునకు పోవుచున్నది. మొదటి బస్సులో వచ్చిన ఆమె మా ముఖము చూచి, “తాళంచెవి పోయిందా, పెట్టే పోయిందా లాయరుగారూ?” అని యడిగినది. పెట్టెయే పోయినదని చెప్పుటకు మాకు సిగ్గు కలిగినది. పరుగులు పెట్టి, వేఱొక న్యాయవాది మిత్రుని సాయమున గడువు దాటకుండ పని జరిపితిమి. తప్పు యంత్రముది కాదు, మాది. దొంగను గూర్చి పదేండ్లు ఆలోచించినవారము, నష్టమును గూర్చి ఒక్కదినమైన ఆలోచింపమైతిమి.

ఆమె ప్రశ్నలో ఈ వివాదమంతయు నున్నది. పాస్‌వర్డులకు రెండు విధములైన గండములున్నవి. అన్యుడు వానిని పొందుట యొకటి. మనము వానిని పోగొట్టుకొనుట యొకటి. ఇంటి పెట్టె మొదటి గండమును తగ్గించి రెండవదానిని పెంచును. క్లౌడు పెట్టె రెండవదానిని తగ్గించి మొదటిదానిని పెంచును. ఒక పక్షము వారు ఒక గండమును మాత్రమే చూచి మాటలాడుచున్నందువలననే వాదము తెగుటలేదు.

క్లౌడు గండమునకు నిదర్శనము దూరమున వెదకనక్కఱలేదు. లాస్ట్‌పాస్ అను కంపెనీ లక్షలాది జనుల పాస్‌వర్డు పెట్టెలను తన యధీనమందుంచుకొని వ్యాపారము చేయుచున్నది. 2022 ఆగష్టులో దొంగలు దాని యంత్రములలో ప్రవేశించిరి. ఆ సంవత్సరము డిసెంబరు 22న, ఖాతాదారుల పెట్టెల ప్రతులు సైతము దొంగలచేత బడినవని కంపెనీ ప్రకటించినది. పాస్‌వర్డులు గూఢలిపిలోనే యున్నవి. కాని ఏయే వెబ్‌సైట్లకు చెందినవో తెలుపు చిరునామాలు సామాన్యలిపిలోనే యుండెను. ఏ యింటిలో నేమున్నదో దొంగకు ముందే తెలిసినట్లైనది. పైగా బ్యాంకులో మూడుసార్లు తప్పు చెప్పినచో ద్వారము మూయబడును గాని, దొంగ తన యింటికి మోసికొనిపోయిన పెట్టెకు ఆ కట్టడి లేదు. వాడు ఏండ్ల తరబడి, కోట్లసార్లు, తీఱికగా ప్రయత్నింపవచ్చును.

దొంగలు లోపలికి పోయిన మార్గము మఱింత విచారింపదగినది. కంపెనీయే 2023లో వెల్లడించినదాని ప్రకారము, ముఖ్యమైన తాళపుచెవులు తెలిసిన నలుగురు ఇంజనీర్లలో ఒకని యింటి కంప్యూటరులో, వినోదమునకై పెట్టుకొనిన యొక సాఫ్టువేరు లోపమును బట్టి, దొంగలు ఒక గూఢచారి ప్రోగ్రామును నాటి, అతడు నొక్కిన మీటలను కనిపెట్టిరి. అనగా లక్షలాది జనుల క్లౌడు కోట ఒక ఉద్యోగి యింటి గదినుండి లొంగినది. క్లౌడును నమ్మినవాడు తన యింటి జాగ్రత్తను విడిచి, తాను ఎన్నడును చూడని యొకరి యింటి జాగ్రత్తను నమ్ముచున్నాడు.

అయినను ఇంటి పెట్టె పక్షము వారు విజయధ్వానము చేయరాదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడన్న సామెత యిచట వర్తించును. కీపాస్ అను సాఫ్టువేరు 2003 నుండి వ్యాప్తిలో నున్నది. ఉచితముగా లభించును, దాని నిర్మాణ లిపి ఎవ్వరైనను చదువవచ్చును, పెట్టెను మన యంత్రములోనే యుంచును. అట్టి మంచి సాధనములోను 2023లో ఒక లోపము బయటపడినది. తెఱచిన పెట్టె మాస్టరు పాస్‌వర్డు జాడలు కంప్యూటరు జ్ఞాపకశక్తిలో మిగిలిపోవుచుండెను. మొదటి యక్షరము తప్ప తక్కినదంతయు తెలిసినవాడు కూర్చుకొనవచ్చును. ఆ యేటనే 2.54వ కూర్పులో దానిని సరిదిద్దిరి. పాతకూర్పునే వాడుచున్నవాని సంగతి యేమి? సినిమాలకు, ఆటలకు, ఎవరో పంపిన పత్రములకు ఎల్లప్పుడు తలుపు తీసియుంచు కంప్యూటరులో గూఢచారి ప్రోగ్రాము చేరినచో, పెట్టె ఇంట నున్నను బయట నున్నను భేదము లేదు.

మఱి నిర్ణయమునకు ఆధారమేది? ఆగస్ట్ కెర్కాఫ్స్ అను పండితుడు 1883లో సైనికుల గూఢలిపిని గూర్చి వ్రాయుచు ఒక సూత్రము చెప్పెను. యంత్రమంతయు శత్రువు చేతబడినను హాని కలుగరాదు. తాళపుచెవి యొక్కటియే రహస్యముగా నుండవలెనని దాని సారము. పాస్‌వర్డు పెట్టెకును ఇదియే పరీక్ష. నేడే నీ పెట్టె దొంగ చేతిలో నున్నదనుకొనుము. అది తెఱచుకొనునా? తెఱచుకొననిచో పెట్టె ఎక్కడ నున్నదను ప్రశ్నకు సగము బలము తగ్గిపోవును.

లాస్ట్‌పాస్ ఖాతాదారులలో దీర్ఘమైన, ఊహకందని మాస్టరు పాస్‌వర్డు గలవారికిని, కుక్కపిల్ల పేరు పెట్టుకొనినవారికిని ఒకే గతి పట్టలేదు. పెట్టెలు మాత్రము అందఱివియు పోయినవి. కంపెనీకిని ఇందులో బాధ్యత కలదు. ఊహించువాని పనిని మందగింపజేయుటకై మాస్టరు పాస్‌వర్డును గణితయంత్రములో పలుమాఱులు త్రిప్పుదురు. క్రొత్త ఖాతాలకు ఇది లక్షసార్లకు పైగా జరుగుచుండగా, పాత ఖాతాలలో కొన్నింటికి అయిదువేలసార్లు మాత్రమే జరుగునట్లు విడిచిపెట్టిరి. పాతకాపులకే బలహీనమైన తాళము దక్కినది.

చట్టము కాపాడునని కొందఱందురు. ఏకాంతపు హక్కు ప్రాథమిక హక్కని 2017 ఆగష్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. తగిన జాగ్రత్త తీసికొనని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని అందున్నది. సంతోషమే. కాని ఆ జరిమానా సర్కారు ఖజానాకు చేరును గాని నష్టపోయినవాని చేతికి రాదు. వచ్చినను, బయటికి పొక్కిన రహస్యము మఱల రహస్యము కానేరదు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట చట్టపు పని. కాలకుండ చూచుకొనుట మన పని.

కావున మా యభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. పెట్టెకు రెండు ప్రతులు తీసి, ఒకటి పెన్‌డ్రైవులో దగ్గఱి బంధువుల యింట నుంచి, మూడు నెలలకొకసారి అది తెఱచుకొనుచున్నదో లేదో చూడగల క్రమశిక్షణ గలవారు ఇంటి పెట్టెనే వాడుదురు గాక. న్యాయవాదులు, వైద్యులు, లెక్కల పరిశోధకులు మున్నగు పరుల రహస్యములు మోయువారు ఈ క్రమశిక్షణను తప్పక అలవఱచుకొనవలెను. ఒక్క ఫోను తప్ప వేఱు యంత్రము లేనివారు, ఆ ఫోను బస్సులో పోయిన దినమున దిక్కులేనివారు, క్లౌడు పెట్టెను వాడుటలో తప్పులేదు. ఒకే పాస్‌వర్డును అంతటను వాడుటకన్న అది నూఱింతలు మేలు.

కాని క్లౌడు కంపెనీని ఒక ప్రశ్న యడుగవలెను. మాస్టరు పాస్‌వర్డు మఱచినచో దానిని మీరు మాకు తిరిగి చెప్పగలరా? చెప్పగలమన్నచో తాళపుచెవి వారియొద్ద నున్నదన్నమాట. అట్టి కంపెనీని విడువవలెను. మంచి కంపెనీలు తమకు తెలియదనియే చెప్పును. వన్‌పాస్‌వర్డ్ వంటివి మాస్టరు పాస్‌వర్డునకు తోడు మఱియొక దీర్ఘసంకేతమును ఖాతాదారు యంత్రములోనే పుట్టించి, దానిని తమ సర్వరునకు చేర్చుకొనవు. బిట్‌వార్డెన్ తన నిర్మాణ లిపిని బయటపెట్టినది; ఓపికగలవారు దానిని తమ సొంత సర్వరులోనే నడుపుకొనవచ్చును.

మాస్టరు పాస్‌వర్డు దీర్ఘముగా నుండవలెను. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ 2017లోనే, విచిత్రమైన గుర్తులకన్న పొడవే ముఖ్యమనియు, ఊరక నెలనెల మార్చుమని జనులను బాధింపరాదనియు సలహా చెప్పినది. పద్యపాదములు, సామెతలు పనికిరావు. అవి లోకమునకు తెలిసినవే. ఒక లావుపాటి పుస్తకములో కన్నులు మూసికొని తెఱచిన అయిదాఱు పుటలనుండి ఒక్కొక్క మాట ఏఱుకొని, సంబంధములేని మాటలను వరుసగా కూర్చుకొనిన చాలును. ఈమెయిలు పాస్‌వర్డును మఱింత భద్రముగా నుంచవలెను. తక్కిన పాస్‌వర్డులను మార్చుకొను ద్వారములు చాలవఱకు దానిగుండనే పోవును. పాత ఫోను నంబరును ఎక్కడను ఉండనీయరాదు. దాని ఫలము మేము అనుభవించితిమి.

చివరకు మాస్టరు పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి అంటించి, ఇంటి దస్తావేజులతోపాటు ఇనుపపెట్టెలో నుంచుటకు సిగ్గుపడవలదు. సముద్రముల కావలి దొంగ ఆ కాగితమును చదువజాలడు. ఆ కవరు సంగతి భార్యకో భర్తకో తెలిసియుండవలెను. యజమాని హఠాత్తుగా పోయినపుడు, ఏ ఖాతా ఎక్కడ నున్నదో తెలియక ఆ యింటి యిల్లాలు మా గుమ్మము చుట్టు తిరుగుట మేము ఒకసారి కాదు, పెక్కుసార్లు చూచియున్నాము.

పఠనమందిరముల కార్యదర్శులకు మా మనవి యొక్కటి. నెలకొక ఆదివారము చదువుకొనిన యువకులను ఇద్దఱిని కూర్చుండబెట్టి, పెద్దలకు ఈ పెట్టెలు ఏర్పఱచి యిప్పింపుడు. అయితే ఆ యువకులు మాస్టరు పాస్‌వర్డు వ్రాయు సమయమున ముఖము ప్రక్కకు త్రిప్పుకొనవలెను. మొదటి పాఠము అదియే.