బడి బీరువాకు తాళమేల?

బాగేపల్లిలో తెలుగువారికి ప్రత్యేకముగా నొక గ్రంథాలయ భవనము కట్టవలెనని మన సంఘమున కొందఱు పెద్దలు పట్టుబట్టుచున్నారు. వారి భాషాభిమానము శ్లాఘనీయము. కాని ఆ ప్రతిపాదనను నేను వ్యతిరేకించుచున్నాను. ఉన్న రెండు గ్రంథాలయములను పస్తులుంచి మూడవదానికి పునాది త్రవ్వుట వ్యాపారము తెలిసినవారు చేయు పని కాదు.

ఆ రెండు నేవి? మొదటిది బడిలోనిది. ప్రతి పాఠశాలయందును పత్రికలతో, కథల పుస్తకములతో గ్రంథాలయ ముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. రెండవది సార్వజనిక గ్రంథాలయము. అది మన సొమ్ముతో నడచుచున్నది. 1965 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఆస్తిపన్నుపై నూటికి 6 రూపాయల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. పన్ను రసీదులు తీసి చూచుకొనుడు. పాలకు వెల చెల్లించి చెంబును అంగడిలోనే విడిచి వచ్చుచున్నవారము మనమే!

నేనెఱిగిన యొక పాఠశాలలో, పేరుతో పనిలేదు, పుస్తకములు బీరువాలో నున్నవి, బీరువాకు తాళమున్నది, తాళపుచెవి ప్రధానోపాధ్యాయులవారి సొరుగులో నున్నది. అడిగినచో, "పుస్తకము పోయిన తనిఖీనాడు జవాబు చెప్పవలసినవాడను నేను గదా" యని వారి సమాధానము. ఆ భయము న్యాయమైనదే. ఎగతాళి చేయదగినది కాదు. అయినను, ఏటికి కొంత సరకు తరుగు పోవునని లెక్క వ్రాసికొనియే వర్తకుడు ప్రొద్దుట తలుపు తెఱచును. తరుగునకు జడిసి తలుపు మూసినవాడు సరకును ఎలుకలకు అప్పగించును. ఇక సార్వజనిక గ్రంథాలయ మనిన మన పిల్లలకు పెద్దలు పత్రికలు చదువుకొను చోటుగా మాత్రమే తెలియును. ఇచట పుస్తకములకు పిల్లలు లేరు, అచట పిల్లలకు పుస్తకములు లేవు.

ఈ రెంటిని కలుపుడని యడిగిన "అది మా శాఖ కాదు" అను మాట సిద్ధముగా నుండును. పంచాయతి గ్రంథాలయములు 2019లో గ్రామీణాభివృద్ధి, పంచాయతిరాజ్ శాఖ చేతికి వచ్చినవి, పాఠశాలలు విద్యాశాఖవి. నిజమే. కాని 2020 నవంబరులో, కరోనా వలన బడులు మూతపడియున్న దినములలో, ఆ పంచాయతి గ్రంథాలయములే "ఓదువ బెళకు" అను పేర 6 మొదలు 18 ఏండ్ల పిల్లలకు ఉచిత సభ్యత్వ మొసగినవి. పల్లెలో సాధ్యమైనది పట్టణమున నేల సాధ్యము కాదు? అమెరికాలోని నాష్‌విల్ నగరమున 2009 నుండి బడిపిల్లలు కోరిన పుస్తకమును నగర గ్రంథాలయమువారు బడికే పంపుచున్నారు. అంతదూరపు మాట యేల? 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువపై పుస్తకములను పడవకెక్కించి పాఠకుల చెంతకు నడిపించిరి. వారికి భవనము అడ్డురాలేదు, శాఖ యడ్డురాలేదు.

ఇతరులకంటె మనకే ఇది యేల ముఖ్యము? మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో కన్నడము చదువుదురు. కన్నడము మన బ్రతుకుతెరువు, దానితో మనకు తగవు లేదు. అయితే తమ యవ్వ చెప్పిన కథ తెలుగు పుస్తకములో కనబడినచో చదువలేనివారు మన యిండ్లలో నెందఱు! కైవారము తాతయ్యగారి తెలుగు కీర్తనలను సయితము కన్నడ లిపిలో చదువుకొనుచున్నాము. మాతృభాషలో ప్రాథమిక బోధనకు వసతి కల్పింపవలెనని 350-ఎ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది. అర్జీలు వ్రాయుచునే యుందము. కాని ఉత్తరువు వచ్చులోపల పిల్లవానికి మీసములు వచ్చి అంగడిలో కూర్చుండును. కన్నడ తెలుగు లిపులు అక్కచెల్లెండ్రు. ఒకటి వచ్చిన పిల్లకు రెండవది పట్టుపడుటకు ఎన్నో నెలలు పట్టవు. కావలసినది చేతికందు పుస్తకము మాత్రమే.

"సార్వజనిక గ్రంథాలయమున తెలుగు పుస్తకము లెక్కడ?" అని పెద్దలు ప్రశ్నింతురు. అయ్యా, మీరు చివర నెప్పుడడిగితిరి? గిరాకి లేని సరకును ఏ యధికారి కొనును? నూఱుగురు పిల్లల పేర్లు సభ్యుల పట్టీలో నెక్కి, నూఱుగురును తెలుగు పుస్తకము కోరిన దినమున కాదనుట యధికారులకు కష్టమగును. మనము వేఱు భవనమున కూర్చుండినచో, వారికి ఆ యిబ్బంది కూడ తప్పిపోవును.

నేను కోరునది కొండంత కాదు. వారమున కొక పీరియడు ఉపాధ్యాయుడు పిల్లలను గ్రంథాలయమునకు తోడ్కొని పోవలెను. నెలకొకమారు గ్రంథాలయమునుండి ఒక పెట్టె పుస్తకములు బడికి రావలెను, అందు తెలుగువి యుండితీరవలెను. పోయిన పుస్తకముల వెల మన సంఘము భరించునని ప్రధానోపాధ్యాయులకు వ్రాతపూర్వకముగా హామీ యీయవలెను. అప్పుడు తాళపుచెవి దానంతట అదియే సొరుగునుండి బయటపడును.

భవన నిధికి చందా వ్రాసిన పెద్దలు ఆ సొమ్మును ఈ హామీకి మార్చుటకు సమ్మతింతురా, లేదా యన్నది రాబోవు సర్వసభ్య సమావేశమున తేలవలెను. పది మంది పిల్లల ధరావతును మా యంగడి పద్దులో నిప్పుడే వ్రాసికొనవచ్చును.