మూతికి చిక్కం వేస్తే సరిపోతుందా?



ఐర్లాండ్‌లో గ్రేహౌండ్ కుక్కలతో కుందేళ్లను తరిమించే పందేలపై మీ పత్రిక వేసిన వ్యాసం చదివాను. ప్రభుత్వ లైసెన్సు, పర్యవేక్షణ ఉన్నాయి కాబట్టి హింస లేదన్న వాదన నాకు మింగుడుపడలేదు. 1976 వన్యప్రాణి చట్టం కాపాడమన్న కుందేలునే వలేసి పట్టుకోవడానికి అదే ప్రభుత్వం లైసెన్సు ఇస్తోంది!

1993 నుంచి గ్రేహౌండ్ల మూతికి చిక్కం తప్పనిసరి చేశారు, నిజమే. కుక్కలు చీల్చి చంపడం చాలావరకు ఆగింది. కానీ ముప్పై కిలోల కుక్క ఉరికొచ్చి మూడు, నాలుగు కిలోల కుందేలును ఆ చిక్కంతోనే నేలకు అదిమితే ఎముకలు నిలుస్తాయా? ఇక్కడ ఒక మైదానం కంచె పక్కన నిలబడి నా కళ్లతో చూశాను. ఒక కుందేలు వెనక కాలు ఈడ్చుకుంటూ గడ్డిలో పాకుతోంది. నోరు తెరిచింది గానీ అరుపు రాలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

వన్యప్రాణి విభాగం సిబ్బంది అన్ని పోటీలకూ రారు. వాళ్లు రాని చోట నిర్వాహకుల ద్వారా అందే నివేదికే దిక్కు. పందెం కట్టించేవాళ్లే దెబ్బల లెక్క రాస్తే దాన్ని పర్యవేక్షణ అనగలమా?

స్కాట్లండ్ 2002లోనే ఈ పందేలను నిషేధించింది. ఇదే దీవిలోని ఉత్తర ఐర్లాండ్ కూడా 2011 చట్టంతో ఆపేసింది. దయచేసి మీ తర్వాతి వ్యాసంలో ఆ సంగతీ రాయండి.

— ఒక తెలుగు పాఠకుడు, ఐర్లాండ్