బియ్యానికి వేలిముద్ర కావాలి.. మందుకి మాత్రం ఏమీ అక్కర్లేదా?

కొంచెం పెద్ద పోస్టే, చివరిదాకా చదవండి.

రేషన్ బియ్యానికి మన అమ్మ వేలిముద్ర వెయ్యాలి. పనిచేసి అరిగిపోయిన వేలు మిషన్‌లో పడకపోతే మళ్లీ తుడుచుకుని వెయ్యాలి. సిమ్ కార్డుకి ఆధార్. స్కాలర్‌షిప్‌కి కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్. మనం ఎవరమో, మన వయసెంతో ప్రతి కిటికీ దగ్గరా రుజువు చేసుకుంటూనే ఉన్నాం. అదే సంతలో తొమ్మిదో తరగతి పిల్లోడు సిగరెట్ అడిగితే "నీ వయసెంతరా?" అని అడిగే నాథుడు లేడు. మనకి ఇచ్చే చోట సవాలక్ష కాగితాలు, మన దగ్గర లాక్కునే చోట ఒక్కటీ వద్దు!

చట్టం లేదా అంటే, ఉంది. 2003 పొగాకు చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకి బీడీ, సిగరెట్, ఖైనీ ఏదీ అమ్మకూడదు. స్కూలు, కాలేజీకి 100 గజాల లోపల అసలు అమ్మకూడదు. కొన్నవాడు మైనర్ కాదని నిరూపించాల్సింది షాపువాడే, అనుమానం వస్తే వయసు రుజువు అడగొచ్చు. కానీ జరిమానా 200 రూపాయలు దాటదు. అది వాడికో లెక్కా? అందుకే 2015 బాలల న్యాయ చట్టం, సెక్షన్ 77 గుర్తుపెట్టుకోండి. పిల్లలకి మందు గానీ పొగాకు గానీ ఇస్తే ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఇక మందు కొనాలంటే మన రెండు రాష్ట్రాల్లోనూ 21 నిండాలి. అంటే హాస్టళ్లలో ఉన్న మనలో చాలామందికి కూడా అమ్మకూడదు.

"మన పండగల్లో ఇప్పసారా, జీలుగు కల్లు లేవా?" అంటారు కొందరు. ఉన్నాయి. అవి దేవతకి పెట్టి, పెద్దల మధ్య తీసుకునేవి. బడి గోడ పక్కన లాభం కోసం పిల్లలకి అమ్మే సరుకుని మన సంస్కృతి ఖాతాలో రాయొద్దు.

"కార్డులు అడిగితే మన పిల్లల్నే పోలీసులు వేధిస్తారు" అనే భయం కూడా ఉంది. ఆ భయం ఊరికే రాలేదు. కానీ మనం అడిగేది పిల్లోడి జేబు వెతకమని కాదు, అమ్మేవాణ్ణి పట్టుకోమని. బెల్టు షాపుకైతే లైసెన్సే లేదు, అక్కడ కార్డు చూడటం ఏంటి, మూసెయ్యాల్సిందే.

ఎవరో వచ్చి చేస్తారని కూర్చోవద్దు. 1996 పీసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకి ఉండాలని చెప్పింది. సెలవులకి ఊరెళ్లినప్పుడు పెద్దలతో, అక్కచెల్లెళ్లతో కూర్చుని గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం. "18 లోపు వారికి అమ్మబడదు" అనే బోర్డు ప్రతి కొట్టుకీ పెట్టిద్దాం. బీడీ కట్ట తెమ్మని చిన్నపిల్లల్ని పంపొద్దని ఇంట్లో కూడా చెబుదాం.

మన వేలిముద్ర అడిగిన వ్యవస్థని ఇప్పుడు మనం అడుగుదాం: అమ్మే ముందు వయసు చూశావా, లేదా?

జై ఆదివాసీ!