చలనచిత్రపు కూర్పు

సినిమాహాలులో దీపములార్పి పేర్లు వేయు సమయమున మనలో పెక్కుమంది ఇంకను కుర్చీలు వెదకుకొనుచునో, పిల్లలకు చోటు సర్దుచునో యుందుము. నాయికానాయకుల పేర్లు చదువుదుము. పాటలు వ్రాసినవారి పేరును చదువుదుము. "కూర్పు" అను మాట ప్రక్కనున్న పేరు మాత్రము కంటబడకయే పోవును. మేమును చాలకాలమట్లే చేసితిమి. మా బంధువుల యింట పుట్టిన యొక కలహము వలన ఆ మాటయెదుట నిలువవలసి వచ్చినది. ఆ సంగతి ముందు చెప్పబోవుదుము.

ఈ పనిని ఆంగ్లమున "కటింగు" అనియు "ఎడిటింగు" అనియు అందురు. మన తెలుగు చిత్రములవారు "కూర్పు" అని వేసిరి. కత్తిరించుట యొకటి, కూర్చుట మరియొకటి. పూలదండ కట్టువారికి ఈ భేదము తెలియును. తొడిమలు త్రుంచుటయు, వాడిన పూవును తీసివేయుటయు ఉన్నవే. అయినను దండ దండయగుట ఏ పూవు ప్రక్కన ఏ పూవును చేర్చితిమి, మరువమును ఎంతయెడముగ పెట్టితిమి యనుదానివలననే కదా. మాకు తెలుగుమాటయే మేలుగ తోచుచున్నది.

కెమేరా ఒకసారి తిరుగ నారంభించి ఆగువరకు పట్టిన దానిని షాట్ అందురు. సెకనునకు 24 నిశ్చల చిత్రములు చొప్పున కన్నుల ముందు నడచుటచే మనకు కదలిక తోచును. అందొక్కొక్క దానికి ఫ్రేము అని పేరు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగునకు 16 ఫ్రేములు పట్టును. నిమిషపు చిత్రమునకు 90 అడుగుల ఫిల్ము. పూర్వము కూర్పరులు దీనిని నిజముగనే కత్తెరతో కోసి, అంచు గీకి, జిగురు పూసి అతికెడివారు. 1924లో మూవియోలా యను యంత్రము వచ్చుటకు ముందు ఫిల్మును వెలుతురునకెదురుగ పట్టి, చేతితో లాగుచు చూచెడివారట. నేడు పని యంతయు కంప్యూటరుమీద జరుగుచున్నది. కత్తెర పోయినను "కట్" అను మాట పోలేదు. ఏనాడు తీసిన ముడి చిత్రములను ఆనాడే త్వరపడి కడిగించి చూచుకొనుటచే వచ్చిన "రషెస్" అను పేరును పోలేదు.

ఇక అసలు విషయము. మేము చిన్ననాడు ఇంట తర్కసంగ్రహము చదువునపుడు, మాటలు కలిసి వాక్యమై అర్థమిచ్చుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యని మూడు కారణములను వల్లించితిమి. ఒక మాట విన్నంతనే మరియొకదానికై చెవి యెదురుచూచుట ఆకాంక్ష. రెండును ఒకదానికొకటి తగియుండుట యోగ్యత. నిప్పులతో బియ్యము కడుగుమన్న వాక్యమున అది లేదు. సన్నిధి యనగా దగ్గరితనము. ఉదయమున "పాలు" అని, సాయంకాలమున "తోడుపెట్టుము" అనిన కోడలేమి చేయును? షాట్లును మాటలవంటివే. ఈ మూడింటిలో సన్నిధికి గల బలము మాత్రము కొంచెము భయము పుట్టించునట్టిది.

రష్యాదేశపు దర్శకుడు లేవ్ కులెషోవ్ 1920 ప్రాంతమున ఒక పరీక్ష చేసెను. మొజూఖిన్ అను ప్రసిద్ధ నటుని ముఖమును, విశేష భావమేమియు లేనిదానిని, తీసికొని దాని ప్రక్కన ఒకమారు సూపుగిన్నెను, ఒకమారు శవపేటికను అతికెను. చూచినవారు మొదటిచోట ఆలోచనలో మునిగి తినుట మరచినవానిని, రెండవచోట దుఃఖార్తుని కనుగొని, ఆ నటుని నేర్పును మెచ్చుకొనిరని కులెషోవ్ శిష్యుడగు పుడోవ్‌కిన్ వ్రాసెను. ముఖము రెండుచోట్లను ఒక్కటియే. అతనికిగాని అతని ముఖమునకుగాని ఆ గిన్నెతోను ఆ పేటికతోను సంబంధమే లేదు!

దీనిని చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు. ఏలయన, ఈ పరీక్ష మా పెద్దాడపడుచు ఇంట జరిగియేయున్నది. ఆమె కుమార్తె వివాహమును వీడియో తీసినవారు మూడు గంటల చిత్రమొకటియు, చుట్టములకు పంపుకొనుటకు పది నిమిషముల చిన్న చిత్రమొకటియు చేసి యిచ్చిరి. చిన్నదానిలో పెండ్లికూతురికి పెట్టిన నగల పళ్లెము కనబడును. వెంటనే వియ్యపురాలి ముఖము. ఆమె కనుబొమలు ముడిచి, పెదవి బిగించి, మొగము ప్రక్కకు త్రిప్పుకొనును. మా యాడపడుచు దానిని పదిమార్లు వేసి చూచెను. "చూచితివి కదా, మనము పెట్టినవి ఆమె కంటికి ఆనలేదు" అనెను. పెండ్లికూతురి తండ్రి ఆ నగలకై చేసిన యప్పు ఇంకను తీరలేదు. ఆయన నోరు విప్పి ఏమియు అనలేదు గాని, సంక్రాంతికి అల్లుని పిలుచుటకు తాను పోక మనిషిని పంపెను. అటువారికి కారణము తెలియదు, వారును చిన్నబుచ్చుకొనిరి. నడుమ పిల్ల నలిగినది.

వీడియో తీసిన కుర్రవానిని రషెస్ చూపుమని మేమే అడిగితిమి. వానియొద్ద అన్నియు భద్రముగనున్నవి. వియ్యపురాలి ముఖము నగలనాటి ఘట్టము లోనిదే కాదు. అది గంటకు పైగా ముందు, హోమము వద్ద తీసినది. పొగ కన్నులలో పడి ఆమె మొగము త్రిప్పుకొనెను. మరుక్షణమున ప్రక్కనున్న పసిపిల్లను పొగలోనుండి ఇవతలకు లాగి కొంగుతో కన్నులద్దెను. కోసిన చోటు సరిగా ఆ లాగుటకు ముందు. కుర్రవానికి దురుద్దేశమేమియు లేదు. నగల షాట్ నడుమ కెమేరాకు ఎవరిదో చేయి తగిలి బొమ్మ అదరినది. ఆ అదరిన భాగమును తీసివేసి రెండు కొసలను అతికిన బొమ్మ గంతువేసినట్లుండును. దానినే జంప్ కట్ అందురు. గంతు కనబడకుండ నడుమ మరియొక బొమ్మను వేసి కప్పుట ఈ వృత్తిలో నిత్యము జరుగునదే. దానికి కటవే యని పేరు. వానికొక ముఖము కావలసివచ్చినది. చేతికి ఆమె ముఖము దొరికినది. నగలు చూపగనే "ఎవరేమనుకొనిరో" యని మనకు ఆకాంక్ష పుట్టును. సన్నిధిని ఆ ముఖమున్నది. తక్కిన వాక్యమును మనమే పూర్తిచేసికొంటిమి.

ఈ కుట్లు అన్నియు ఇట్టి అపచారములే యని తలపవలదు. యోగ్యతను చూచి కూర్చిన కుట్టునకు మేలిబంతి 1962 నాటి "లారెన్స్ ఆఫ్ అరేబియా" చిత్రమున కలదు. లారెన్సు చేతిలోని వెలుగుచున్న అగ్గిపుల్లను ఊదును. ఆ క్షణముననే తెరనిండ ఎడారియు, ఉదయించుచున్న సూర్యుడును. అచ్చట ఒక దృశ్యము కరగి మరియొకటి తేలునట్లు చేయవలెనని మొదట అనుకొనిరి. పని నడుమ, రెండు ముక్కలును ఊరక ప్రక్కప్రక్కల నున్నప్పుడు చూచి, అట్లే ఉంచివేసిరి. కూర్చినది ఆన్ కోట్స్ అను స్త్రీ. ఇంకను బిగించుమని దర్శకుడడుగగా తాను రెండు ఫ్రేములను తీసితినని ఆమె పిమ్మట చెప్పెను. సెకనులో పండ్రెండవవంతు! ఉప్పు చూచుటలో చిటికెడు తేడా యెరిగిన చేతికి దీని విలువ తెలియును.

దృశ్యము కరగి మారుటను డిజాల్వ్ అందురు. మెల్లగ చీకటియగుటను ఫేడవుట్ అందురు. కాలము గడచినదని తెల్పుటకే రెండును. పరుగెత్తు పసివాని కాళ్లు కరగి పెద్దవాని కాళ్లగుటను మన చిత్రములలో చూడనివారుండరు. కాళిదాసు దుష్యంతుని గాంధర్వ వివాహమును రంగముపై చూపక, అది జరిగి రాజు వెడలిపోయెనని నాల్గవ అంకపు విష్కంభమున చెలికత్తెల మాటలలో తేల్చివేసెను. ఏమి చూపకుండవలెనో ఎరుగుట నాటినుండియు ఉన్న విద్యయే. రెండుచోట్ల జరుగుదానిని మార్చి మార్చి చూపు క్రాస్ కటింగు సైతము, అక్కడ అట్లుండగా ఇక్కడ ఏమి జరిగెననిన అని హరిదాసు మద్దెల ఆపించి చెప్పునదే. అమెరికా దర్శకుడు గ్రిఫిత్ 1916లో "ఇన్‌టాలరెన్స్" అను చిత్రమున నాలుగు యుగముల కథలను అట్లు పెనవైచెను. చెవికి సంబంధించిన కుట్టు వేరొకటి. రాబోవు దృశ్యపు ధ్వని ముందుగ వినబడి బొమ్మ తరువాత వచ్చుట జె కట్; గడచిన దృశ్యపు ధ్వని క్రొత్త బొమ్మమీదను సాగుట ఎల్ కట్. కూర్పు బల్లమీద ముక్కలు ఆ యక్షరముల యాకారమున నుండుటచే ఆ పేర్లు. పెరటిలో నున్నవారికి వాకిట బండి చప్పుడు ముందు వినబడి, చుట్టము తరువాత కనబడుట వంటిది.

జంప్ కట్‌ను కప్పక, కావలెననియే పెట్టిన చిత్రమును కలదు: 1960లో ఫ్రాన్సున గొదార్ తీసిన "బ్రెత్‌లెస్". దానిని కూర్చినదియు స్త్రీయే, సెసిల్ డెక్యూజి. ఇట్టి పేర్లు మేమెదురుచూచిన దానికంటె ఎక్కువగ దొరకినవి. హాలీవుడ్డున తొలినాళ్లలో ఫిల్ము అతుకుట కుట్టుపని వంటిదని, చిన్న జీతమునకు ఆడుపిల్లలను పెట్టుకొనిరి. అట్లు అతుకుపనిలో చేరిన మార్గరెట్ బూత్ తరువాత ఎం.జి.ఎం. సంస్థలో కూర్పుశాఖకంతకు పెద్దయై దశాబ్దములు నడపి, 104 ఏండ్లు జీవించెను. 1940 నాటి చిత్రమునకు ఆన్ బాకెన్స్ కూర్పునందు ఆస్కారు బహుమానమందిన తొలి స్త్రీ యయ్యెను. పనికి పేరు వచ్చిన పిమ్మట పురుషులు దానిని కోరి వచ్చిరి. కుట్టుపని యనుటయు మానిరి. మన దేశమున రేణు సలూజా పూనా ఫిల్ము విద్యాలయమున చదివి, 1989 నాటి "పరిందా" మొదలు నాలుగు పర్యాయములు జాతీయ పురస్కారమునందెను. 2000లో, ఏబది యేండ్లు నిండకయే పోయెను. సోవియట్ దేశమున 1929 నాటి "మ్యాన్ విత్ ఎ మూవీ కెమేరా" అను చిత్రమున దర్శకుని భార్యయు కూర్పరియు నగు స్విలోవా బల్లయెదుట కూర్చుండి ఫిల్ము ముక్కలను ఎంచుచు, అతుకుచు తెరమీదనే కనబడును. కూర్పరి చేయి మనకు కనబడుట అరుదు గనుక ఆ ఘట్టమును మేము రెండుమార్లు చూచితిమి.

కుర్రవాడు పది నిమిషముల చిత్రమును మరల చేసెను. నగల తరువాత ఇప్పుడు సన్నాయి వాయించువాని బుగ్గలున్నవి. వియ్యపురాలు పసిపిల్లను లాగికొను షాట్‌ను హోమము చెంతకు చేర్చి, చివరవరకు విడిచెను. మా యాడపడుచు దానిని చూచి చాలసేపు మాటాడలేదు. పిమ్మట తానే ఫోను తీసి, తీసిన తరువాత ఏమనవలెనో తోచక, ఆవకాయ పెట్టుటకు కాయలు దొరకినవా యని అడిగెను. ఎండకాలమున వియ్యాలవారు వచ్చినపుడు అందరము కూర్చుండి మూడు గంటల చిత్రమునే వేసికొంటిమి. హోమపు ఘట్టము రాగా వియ్యపురాలు తన ముఖమును తానే చూచుకొని, "అయ్యో, నేనింత కోపిష్ఠివలె నుంటినా!" యని నవ్వెను. నగల ఘట్టము వచ్చునప్పటికి పిల్లలందరును నిద్రపోయిరి.