ఉరుమితే పని ఆపాలి, కూలి కొయ్యరాదు

వేసవిలో వాతావరణ శాఖ అప్పుడప్పుడూ చల్లని కబురు చెబుతుంది: కొన్నిచోట్ల ఉరుములు, మెరుపులతో జల్లులు, ఎండ తగ్గుముఖం. పట్నంలో వాళ్లు హమ్మయ్య అనుకుంటారు. దాళ్వా కోతల్లో, మిరప కల్లాల్లో ఉన్న మనకి ఆ మాటకి అర్థం వేరు. మబ్బు కమ్మగానే ఆసామి కేకలేస్తాడు, కుప్ప తడవకముందే పట్టాలు కప్పమని. పిడుగు పడేదీ అప్పుడే. 2022లో దేశంలో పిడుగులకి 2,887 మంది చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. పొలాల్లో, చెట్ల కింద ఉన్నవాళ్లే ఎక్కువగా బలవుతున్నారు.

పిడుగు సంగతి ముందే చెప్పే 'దామిని' యాప్ ఉంది. మంచిదే. కానీ ఫోను గట్టుమీద క్యారేజీ పక్కన ఉంటుంది, మనం మడిలో ఉంటాం. అదీ చాలామందిది బటన్ల ఫోనే.

అందుకే మేము అడుగుతున్నాం. హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున్నే ఊళ్లో దండోరా వెయ్యాలి. ఉరుము వినబడితే పని ఆగాలి. చెట్టు కిందకి కాదు, పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పొలంలోకి దిగొద్దు. ఆ పూట కూలి కొయ్యరాదు. కూలి పోతుందన్న భయమే మన ఆడవాళ్లని మెరుపుల్లో నిలబెడుతోంది. మా ఊళ్లో ఇద్దరు ఆసాములు ఒప్పుకున్నారు. మిగతావాళ్లని ఆదివారం రచ్చబండ దగ్గరికి పిలిచాం.